అణువణువున అద్వైతము

క్వాంటమ్ భౌతికశాస్త్రము చెప్పుచున్నదెల్ల ఉపనిషత్తులు ముందే చెప్పినవని నిరూపించుటకు మన ఉపన్యాసకులు మరల కంకణము కట్టుకొనియున్నారు.

చెప్పినమాట నిక్కమే కావచ్చును గాని, పాశ్చాత్యుడెవడో ప్రయోగశాలలో కన్నులు కాయలు కాచునట్లు శ్రమించి ఫలితమును ప్రకటించిన మరునాడే తప్ప, అంతకు ముందురోజున ఆ మంత్రమునకు ఆ యర్థము ఎవ్వరికిని స్ఫురింపకపోవుట మాత్రము నిజముగా అనిర్వచనీయము.

ఉపనిషత్తులపై మక్కువ గల ష్రోడింగర్ మహాశయుడు 1925లో వేదాంతమును గూర్చి వ్రాసికొని, 1926లో తరంగ సమీకరణమును ప్రకటించెను. అందు ద్రవ్యరాశి యున్నది, ప్లాంక్ స్థిరాంకమున్నది. బ్రహ్మము, నిర్గుణమగుటచేత గాబోలు, కానరాదు.

చూచువాడు లేనిదే జగత్తు లేదని వేదికపై ఉరుములు వినవచ్చుచుండగా, ప్రయోగశాలలో ఆ చూచువాని పనిని, ఏనాడును ధ్యానము చేసి యెరుగని ఫొటోగ్రాఫిక్ పలక యొకటి చడిచప్పుడు లేక నిర్వర్తించుచున్నది. దానికింకను ఎవ్వరును పాదపూజ చేయలేదు.

ఈ విద్యకు బిరుదులు రాలేదనరాదు. 1998లో క్వాంటమ్ పేరిట ఉపన్యసించు దీపక్ చోప్రా గారికి భౌతికశాస్త్రమున ఇగ్ నోబెల్ అను పరిహాస బహుమానము లభించినది. ఆ ‘ఇగ్’ను మిథ్యగా భావించినచో అదియు నోబెలే.

సర్వమును ఒక్కటేయని సిద్ధాంతము. సభకు టికెట్లు మాత్రము మూడు తరగతులు. వెనుకవరుస టికెట్టుతో ముందువరుసలో గూర్చుండి ఎవడైన ఏకత్వమును ప్రయోగాత్మకముగా నిరూపింపబోయినచో, ద్వారమువద్ది కార్యకర్త, హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ సూత్రమును లెక్కసేయక, వాని స్థానమును వేగమును ఏకకాలమున నిర్ణయించి బయటకు సాగనంపును.