మొసలికి మర్యాద తెలుసు

మారేడ్‌పల్లి నుంచి కుటుంబ సమేతంగా ‘ప్రకృతి ఒడి’కి ఆదివారం ప్రయాణం. డిక్కీలో బిర్యానీ పార్శిళ్లు, థర్మకోల్ ప్లేట్లు, మంచం కోడంత స్పీకరు. బైనాక్యులర్స్‌కు చోటు చాలలేదు.

చేరింది సంగారెడ్డి దగ్గరి మంజీరా అభయారణ్యానికి. మగర్ మొసళ్లను కాపాడదామని 1978లో ప్రకటించిన చోటది. కాపాడాల్సింది ఎవరి నుంచో అప్పట్లోనే ఊహించినట్టున్నారు!

ఒడ్డున ఓ మొసలి నోరు తెరిచి ఎండ కాగుతోంది. ఒళ్లు వేడెక్కితే అది అలాగే చల్లబరుచుకుంటుంది. “కదలదేంటి డాడీ, బొమ్మా?” అన్నాడు చిన్నోడు. శాస్త్రీయ పరిశోధన కోసం డాడీ రాయి వెతికాడు. మమ్మీ రీలు ఆన్ చేసింది. స్పీకరు గొంతెత్తగానే, హిమాలయాలు దాటొచ్చిన బాతులు ఆ పాట మాత్రం దాటలేక లేచిపోయాయి. మొసలి మాత్రం మర్యాదగా నీళ్లలోకి జారుకుంది. ఇంత నోరున్నా ఒక్క మాట అనలేదు.

“ఏమీ లేదిక్కడ, దీనికన్నా జూ నయం” అని తీర్పిచ్చి, ప్లేట్లన్నీ గోదావరి ఉపనదికి సమర్పించి అంతా కారెక్కారు.

ఆ మంజీరా నీళ్లే 1965 నుంచి జంటనగరాల గొంతు తడుపుతున్నాయి. సోమవారం పొద్దున్నే కుళాయి తిప్పిన డాడీ నీళ్లాఫీసుకు ఫోన్ కొట్టాడు: “ఏమండీ, నీళ్లు అదో రకం వాసనొస్తున్నాయి. అసలక్కడ చూసుకునేవాళ్లెవరూ లేరా?”