కారు ట్యూనింగ్: చెవిన పెట్టకూడని ఐదు సలహాలు

టర్బో కారు కొన్నవాళ్లకి సలహాలకు కొదవుండదు. గ్యారేజీలో ఒకరు, టీ కొట్టు దగ్గర ఒకరు, వాట్సాప్ గ్రూపులో పదిమంది. ఎక్కువగా వినబడే ఐదు సలహాలను వాళ్ల మాటల్లోనే ఇస్తున్నాను, వాటిని పాటిస్తే ఏమవుతుందో కూడా చెబుతాను. ముందుగా ఒక సంగతి. పొగలోని విషాన్ని విరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్‌కాన్) తనంతట తాను పాడైపోవడం అరుదు. ఇంజిన్‌లో మంట గాడి తప్పితే ఆ దెబ్బ వచ్చి దాని మీద పడుతుంది. కాబట్టి క్యాట్‌కాన్ పోయిందంటే ముందు ఇంజిన్‌ని అనుమానించాలి.

1. ‘‘సాఫ్ట్‌వేరే కదా, పార్టులేమీ మార్చట్లేదు. ఇంజిన్‌కేమవుతుంది?’’

రీమ్యాప్‌లో, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడంలో, మారేవి అంకెలే. కానీ టర్బో ఎంత గాలి నెట్టాలో, ఇంజెక్టర్ ఎంత పెట్రోలు చల్లాలో, స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పేవి ఆ అంకెలే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా ఇంజిన్లలో కంపెనీ మ్యాప్ కావాలనే పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తుంది. అది ఆవిరవుతూ వేడి లాక్కుని టర్బోనీ క్యాట్‌కాన్‌నీ కాపాడుతుంది. పవర్ కోసం దాన్ని కోసేస్తే ఎగ్జాస్ట్ వేడెక్కిపోతుంది.

ఇంధనం సంగతీ చూడాలి. కిలో మామూలు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి 13.5 కిలోల దాకా సరిపోతుంది. అంటే అంతే గాలికి ఈ20 ఎక్కువ పోయాలి. ఇథనాల్ లేని పెట్రోలుకి రాసిన మ్యాప్ ఫైలు తెచ్చి ఇక్కడ ఎక్కిస్తే, ఫుల్ లోడ్ మీద మిశ్రమం పల్చబడే ప్రమాదం ఉంది.

చిన్న టర్బో ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గరే బూస్ట్ దంచితే, స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకోవచ్చు. గట్టిగా ఒక్కసారి అలా జరిగినా చాలు, పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే గట్టు విరగొచ్చు. ఆ తర్వాత ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలెడుతుంది. ఆయిల్‌లోని ఫాస్ఫరస్ క్యాట్‌కాన్ పూత మీద పేరుకుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది.

2. ‘‘క్యాట్‌కాన్ పీకేయ్, ఇంజిన్‌కి ఊపిరాడుతుంది.’’

బాగున్న క్యాట్‌కాన్ పొగకి పెద్దగా అడ్డుపడదు. అడ్డుపడుతోందంటే అది లోపల కరిగో, మూసుకుపోయో ఉంటుంది. అది కరిగేంత వేడి ఎక్కడిదో కనుక్కోకుండా ఖాళీ పైపు బిగిస్తే అసలు జబ్బు ఇంజిన్‌లోనే ఉండిపోతుంది. క్యాట్‌కాన్ లోపల ఉండేది తేనెపట్టులా సన్నటి గదులున్న సిరామిక్ దిమ్మ. దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. కార్బన్ మోనాక్సైడ్‌నీ, మండని పెట్రోలునీ, నైట్రోజన్ ఆక్సైడ్లనీ చాలావరకు అదే విరిచేస్తుంది. అది లేని కారు సిగ్నల్ దగ్గర ఆగితే, వెనక స్కూటర్ మీద అమ్మ ముందు నిలబడ్డ పిల్ల పీల్చేది ఆ విషాన్నే. చట్టం కూడా ఊరుకోదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తెచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతిలేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

3. ‘‘చెక్ ఇంజిన్ లైటా? కోడ్ ఆఫ్ చేయించేయ్.’’

మాడు వాసన రాకుండా ముక్కు మూసుకుంటే పొయ్యి మీద కూర మాడటం ఆగదు. పీ0420 కోడ్ వచ్చిందంటే క్యాట్‌కాన్ పనితనం తగ్గిందని దాని వెనకున్న సెన్సర్ చెబుతోందన్నమాట. పీ0300 అయితే మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో మిశ్రమం సరిగ్గా మండకపోవడం. లైటు మిణుకుమిణుకుమంటోందంటే క్యాట్‌కాన్‌ని చెడగొట్టే స్థాయిలో మిస్‌ఫైర్ జరుగుతోందని అర్థం. సిలిండర్‌లో మండని పెట్రోలూ, దాంతోపాటు వాడని గాలీ కలిసి వెళ్లి క్యాట్‌కాన్‌లో అంటుకుంటాయి. దాని వేడి 1,000 డిగ్రీల సెల్సియస్ దాటితే పూత త్వరగా పాడవుతుంది. ఇంకా పెరిగితే సిరామిక్కే కరుగుతుంది. లైటు మిణుకుతుంటే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి బండి పక్కకి ఆపండి. ప్లగ్గులు, కాయిల్స్ చూపించండి.

4. ‘‘పాప్స్ అండ్ బ్యాంగ్స్ పెట్టించు, సౌండ్ అదిరిపోద్ది.’’

కాలు తీయగానే ఇంజెక్టర్లు మూసుకోవాలి. ఈ మ్యాప్‌లో అవి పెట్రోలు చల్లుతూనే ఉంటాయి, స్పార్క్‌ని బాగా ఆలస్యం చేస్తారు. మంట సిలిండర్‌లో కాకుండా ఎగ్జాస్ట్‌లో పేలుతుంది. టపటపమన్న ప్రతిసారీ ఎగ్జాస్ట్ వాల్వులకీ, టర్బో రెక్కలకీ, క్యాట్‌కాన్‌కీ వాతే. దిమ్మ పగిలిందా అని చూడాలంటే, బండి పూర్తిగా చల్లారాక క్యాట్‌కాన్ డబ్బాని రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. లోపల గలగలమంటే ముక్కలైనట్టే. ఇంజిన్‌ని ఆనుకుని ఉండే క్యాట్‌కాన్ అయితే, కొన్ని ఇంజిన్లలో ఆ సిరామిక్ పొడి వెనక్కి సిలిండర్‌లోకి వెళ్లి గోడల్ని గీరేస్తుంది.

5. ‘‘డీజిల్‌కి బాక్స్ పెట్టుకో. సర్వీసుకిచ్చే ముందు పీకేస్తే ఎవరికీ తెలీదు.’’

ఇలాంటి ట్యూనింగ్ బాక్సుల్లో చాలావరకు, ఇంజెక్టర్లకి డీజిల్ అందించే రైల్‌లో ప్రెషర్ తక్కువుందని ఇంజిన్ కంప్యూటర్‌కి (ఈసీయూ) అబద్ధం చెబుతాయి. నమ్మిన ఈసీయూ ప్రెషర్ పెంచుతుంది. పంపు, ఇంజెక్టర్లు పెట్టిన హద్దు దాటి పనిచేస్తాయి. డీజిల్ పెరిగి గాలి చాలకపోతే మసి పుడుతుంది. ఆ మసి, దాన్ని పట్టి ఉంచే ఫిల్టర్‌ని (డీపీఎఫ్) త్వరగా నింపేస్తుంది. మసిని కాల్చడానికి డీపీఎఫ్ మాటిమాటికీ 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. ఆ ప్రయత్నంలో కొంత డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పల్చన చేస్తుంది. పల్చబడ్డ ఆయిల్‌తో టర్బో బేరింగు దెబ్బతినొచ్చు. బాక్స్ పీకేయొచ్చు, ఆ అరుగుదలని పీకలేం.

చేయించేదాకా మనసూరుకోదా?

అయితే ముందు మీ బండికి కంప్రెషన్ పరీక్ష చేయించండి. అసలు ఫైలు కాపీ మీ చేతికిమ్మనండి. ట్యూన్ చేశాక, మీరు కొట్టించే పెట్రోలుతోనే ఫుల్ లోడ్ మీద నడిపి తీసిన లాగ్ అడగండి. అందులో గాలి–పెట్రోలు నిష్పత్తి, నాక్ (మిశ్రమం తనంతట తాను పేలడం) వల్ల వెనక్కి జరిగిన స్పార్క్ టైమింగు, ఎగ్జాస్ట్ వేడి, ఫ్యూయల్ ప్రెషర్, ఈ నాలుగూ ఉండాలి. వేడిని కొలవకుండా లెక్కగట్టి చూపిస్తే ఆ మాట చెప్పించుకోండి. క్యాట్‌కాన్‌ని ఉన్నచోటే ఉంచి చేస్తారా అని అడగండి. లాగ్ చూపించకుండా ‘‘నా మాట నమ్ము’’ అనేవాడి చేతికి తాళం ఇవ్వకండి. పెరిగే పవర్ ఓవర్‌టేక్ చేసే కొద్ది క్షణాలకే అక్కరకొస్తుంది. ఇంజిన్ మాత్రం మీ ఇంటివాళ్లని ఎక్కించుకుని ఏళ్ల తరబడి తిరగాలి.