మేడమీద యాంటెన్నా, మెట్లమీద తగువు

కొత్తగా హ్యామ్ రేడియో లైసెన్సు వచ్చిందా? వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ కూడా చేతికందిందా? ఇక అపార్టుమెంటులో ఎవరినీ అడిగే పని లేదు. కేంద్రం ఇచ్చిన అనుమతి ముందు సెక్రటరీగారి అనుమతి ఏపాటి? నలభై మీటర్ల బ్యాండుకు డైపోల్ అంటే ఇరవై మీటర్ల తీగ. వాటర్ ట్యాంకు నుంచి లిఫ్టు గదిదాకా, అందరూ బట్టలారేసుకునే చోటికి అడ్డంగా లాగండి. జనం పడుకున్నాక కట్టడం శ్రేష్ఠం. పొద్దున్నే వడియాలు పెట్టడానికొచ్చిన పిన్నిగారు ఇదేంటి బాబూ అంటే 2004 సునామీ కథ ఎత్తుకోండి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అప్పటికే అండమాన్‌లో సెట్లు పెట్టుకుని ఉంది. ఫోన్లు తెగిపోయిన పోర్ట్‌బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు వాళ్ల రేడియోల మీదే వెళ్లాయి. నిజంగా గొప్ప పని. మీరు ఇప్పటిదాకా వాతావరణం గురించి తప్ప మాట్లాడలేదని పిన్నిగారికి చెప్పక్కర్లేదు.

కింది ఫ్లాట్‌లో సుప్రభాతం మధ్య ఎవరో పుక్కిలిస్తున్నట్టు వినబడుతోందని ఫిర్యాదు వస్తుంది. అది ఎస్ఎస్‌బీలో మీ గొంతే. తప్పు వాళ్ల స్పీకర్లదని తేల్చేయండి. ఆ మాట చాలాసార్లు నిజం కూడా: పొడవాటి స్పీకరు వైరు యాంటెన్నాలా పట్టిన సిగ్నల్‌ను లోపలి యాంప్లిఫయరు చప్పుడుగా మార్చేస్తుంది. ఆ వైరును ఫెరైట్ రింగుకు నాలుగు చుట్లు చుడితే తరచు తగ్గిపోతుంది. కానీ రింగు కొని పట్టుకెళ్లారంటే వాళ్లు కాఫీ ఇస్తారు, గొడవ చప్పబడుతుంది. బదులుగా గుమ్మంలో నిలబడే హార్మోనిక్స్ మీద అరగంట ఉపన్యాసం ఇవ్వండి.

అసలు పోరు మీ సెట్‌లో వినిపించే రొదతో. సిగ్నల్ మీటరు ఎస్9 దిగదు. నేరుగా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి 7.1 మెగాహెర్ట్జ్ పాడైందనండి. "కరెంటుందా సార్?" అంటారు. ఉందంటే ఫిర్యాదు మూసేస్తారు, మళ్లీ చేయండి. స్తంభం నంబరు మాత్రం చెప్పకండి. రొద ఎండలో ఎక్కువా, వానలో తక్కువా అన్నది రాసిపెట్టుకోకండి. వదులైన జాయింట్ల దగ్గర పుట్టే స్పార్కు సాధారణంగా పొడి వాతావరణంలో రేగి, తడికి తగ్గుతుంది. ఆ వివరం చేతికిస్తే లైన్‌మన్ వెతకాల్సింది ఏమిటో తెలిసిపోతుంది, మీకు తిట్టడానికి శాఖ మిగలదు.

స్తంభాన్ని తన్నడం, స్టే వైరు ఊపడం దగ్గర మాత్రం వేళాకోళం ఆపుతాను: వద్దు. మీ యాంటెన్నా కూడా తెగిపడినా 11 కేవీ లైనును తాకనంత దూరంలో ఉండాలి.

మళ్లీ మన దారికొస్తే, సెట్‌ను బ్యాటరీ మీద నడుపుతూ మీ ఇంటి మెయిన్ కట్టేసి చూసే పని పెట్టుకోకండి. రొద టక్కున ఆగిపోవచ్చు. ఆపైన ఒక్కొక్క ఎంసీబీ వేసుకుంటూ పోతే దొంగ మీ అబ్బాయి ఫోన్ చార్జరో, మీరే చవగ్గా కొన్న ఎల్ఈడీ బల్బో అని బయటపడుతుంది. అప్పటికే వాట్సాప్ గ్రూపులో పక్క ఫ్లాట్‌వాళ్ల ట్రెడ్‌మిల్ మీద కత్తి దూసి ఉంటారాయె. ఖర్మకాలి అలా తేలితే బల్బు చప్పుడు చేయకుండా మార్చేసి, "కరెంటాఫీసు వాళ్లు ఎట్టకేలకు కదిలారు, నా పోరాటం ఫలించింది" అని గ్రూపులో పెట్టండి.