గరాటు సూత్రానికి మెట్టకూరు టీక

మూలము: డబ్బా చూచి మూత తియ్యి, మూత చూచి గరాటు పెట్టు.

అవతారిక. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలకు సముద్రపు వేట నిషిద్ధం. గౌతమి ఒడ్డున యానాంలో ఇంజన్లు విప్పి బాగుచేసుకోవడానికి అంతకన్న తీరిక దొరకదు. విప్పిన సామాను పక్కన డబ్బాలుంటాయి: డీజిలు, పెట్రోలు, కడగడానికి కిరసనాయిలు. సూత్రకారుడెవరో, ఏ కాలంవాడో అడగకూడదు. ఈ టీక కోసమే పుట్టినవాడు.

ప్రతిపదార్థము. డబ్బా = మొన్న వంటనూనెదీ, నిన్న డీజిలుదీ, ఇవాళ దేనిదో తేలనిదీ అయిన పాత్ర; చూచి = వాసన నమ్మక, మీద రాసినది చదివి; మూత = టాంకుది, డబ్బాదని నవీనులు; గరాటు = అన్నిటికీ ఒకటే కొన్నందువల్ల కలహకారణమైనది.

విశేషము. మెట్టకూరు యానాంలోని రెవెన్యూ గ్రామం. 1954లో ఫ్రెంచి పాలన పోయినా యానాం ఆంధ్రలో కలవక పుదుచ్చేరితోనే ఉండిపోయింది. అక్కడి పన్ను తక్కువ, అందుకని పెట్రోలు చవక. ఆంధ్ర బళ్ళు పనిగట్టుకొని వచ్చి యానాం బంకుల్లో కొట్టించుకుపోతాయి. చవక దొరికే చోట ఇంట్లో ఒక డబ్బా ఎక్కువే ఉంటుందని టీకాకారుని అనుమానం.

శంక: పెట్రోలూ డీజిలూ రెండూ ముడిచమురు బిడ్డలే గదా, కాస్త కలిస్తే కొంప మునుగుతుందా?

సమాధానము: మునుగుతుంది. డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టిన వేడిలోకి డీజిలు చిమ్ముతుంది, అది అంటుకుంటుంది. ఆ చిమ్మే పంపుకూ ఇంజెక్టర్లకూ డీజిలే కందెన. పెట్రోలుకు ఆ జిడ్డు లేదు గనక లోహం లోహాన్ని గీరుతుంది. నిప్పు సంగతి అంతకన్న ఘోరం. మన పెట్రోలియం చట్టం 23 డిగ్రీల సెల్సియస్‌లోపే అంటుకునే ఆవిరినిచ్చేవాటిని ‘ఎ’ తరగతిలో పెట్టింది, పెట్రోలు అందులోది. డీజిలు, కిరసనాయిలు ‘బి’. డీజిలు టాంకులో పెట్రోలు చేరితే పేరు డీజిలుదే, ఆవిరి మాత్రం పెట్రోలుది. గాలికన్న బరువైన ఆ ఆవిరి పడవ అడుగున చేరి రవ్వ కోసం కాచుకుంటుంది.

పెట్రోలు ఇంజనులో డీజిలు పోస్తే ఇంత ఉపద్రవం లేదు. పొగ కక్కి, ప్లగ్గులు మసిబారి మొరాయిస్తుంది.

మతాంతరము. టూ స్ట్రోకు అవుట్‌బోర్డులది వేరే సంప్రదాయం. వాటికి పెట్రోలులో టూటీ ఆయిలు కలపాలి. 50:1 అన్నచోట లీటరుకు 20 మిల్లీలీటర్లు. కలపని పెట్రోలు పోస్తే పిస్టను ఎండి పట్టేస్తుంది. కనుక కలిపినదానికీ కలపనిదానికీ వేర్వేరు డబ్బాలని సిద్ధాంతం.

డబ్బాల రంగుల విషయంలో అమెరికా వాడుక ప్రసిద్ధం: పెట్రోలుకు ఎరుపు, డీజిలుకు పసుపు, కిరసనాయిలుకు నీలం. మన రేషను కిరసనాయిలూ నీలమే గనక మూడోది అప్పుడే ఒప్పుకున్నట్టు లెక్క. ఇంకో చిట్కా: ఏ గరాటును ఆ డబ్బాకే తాడుతో కట్టడం, తాడు పక్క డబ్బాకు అందనంత పొట్టిగా ఉండడం.

పునఃశంక: కలిసినవి కదపకుండా ఉంచితే విడిపోవా? సమాధానము: నీళ్ళయితే అడుగుకు దిగుతాయి, వంచేయవచ్చు. పెట్రోలూ డీజిలూ ఒకసారి కలిశాక విడాకులు లేవు.

ప్రాయశ్చిత్తము. తప్పు తెలిసిన క్షణం నుంచి తాళం ముట్టరాదు. ‘ఒక్కసారి తిప్పి చూద్దాం’ అన్నవాడు పంపును తన చేత్తో పాడుచేసుకుంటాడు. దగ్గర్లో బీడీ ఆర్పించి, టాంకూ గొట్టాలూ ఖాళీ చేసి, ఫిల్టరు మార్చి, కొత్త డీజిలు పోసి, లైనులో గాలి తీశాకే ఇంజను తిప్పాలి. తీసిన మిశ్రమాన్ని గౌతమిలో పొయ్యడానికి ఏ శాస్త్రంలోనూ ప్రమాణం లేదు. దాన్ని మూతపెట్టి విడిగా ఉంచాలి. ఆ డబ్బా మీద ‘చెడింది’ అని రాయకపోతే, నాలుగు రోజులకు ఇంకొకరి టాంకులోకి అదే పోతుంది.