రోలు కొద్దీ పిండి

కొనుగోలు కమిటీ పెద్దలకు దండాలు. బ్యాటరీ పొడులు నూరడానికి ప్లానెటరీ మిల్లు కొన్నారు, సంతోషం. జార్లు జిర్కోనియావి కావాలని పరిశోధక విద్యార్థి రాస్తే, "గిన్నెకింత ధరేంటయ్యా?" అని గీత కొట్టేసి, అందరికన్నా తక్కువ ధరతో ఎల్‌వన్‌గా వచ్చిన స్టీలు జార్లు దించారు. పిండి కొద్దీ రొట్టె అని తమకు తెలుసు. రోలు కొద్దీ పిండి అని ఏ కొటేషన్‌లోనూ ఉండదు కదా, పాపం!

తెల్లటి లిథియం టైటనేట్ రాత్రంతా తిరిగింది. పొద్దున మూత తీస్తే బూడిదరంగు. జార్లోని నూరే బంతులు మాత్రం తళతళ. కాగితం మీద కాస్త పొడి పోసి కింద అయస్కాంతం కదిపితే కొన్ని రేణువులు లేచి నిలబడ్డాయి, బహుశా తమ గౌరవార్థం.

"లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అదే ఎల్‌ఎఫ్‌పీకైతే ఫరవాలేదు, అందులో ఎలాగూ ఇనుమే" అని సెలవిచ్చిన సభ్యులకు ప్రత్యేక నమస్కారం. ఆ ఇనుము ఫాస్ఫేటుతో కట్టుబడి స్ఫటికంలో కుదురుగా ఉంటుంది. జారు గోడ నుంచి రాలింది లోహం. కాథోడ్ ఓల్టేజికి అది కరిగి, అవతలి ఎలక్ట్రోడ్ మీద పేరుకుని, ముల్లులా పెరిగి రెండింటి మధ్య ఉన్న సెపరేటర్‌ని పొడుస్తుంది. హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ వాళ్లు కార్బన్ పూత ఎల్‌ఎఫ్‌పీని హై ఎనర్జీ మిల్లింగ్‌తోనే తయారు చేశారు. అంటే నూరడం తప్పు కాదు బాబూ, దేంతో నూరుతున్నామో పట్టించుకోకపోవడమే తప్పు.

ఆ పట్టింపు ఎలా ఉంటుందో చూసి రావడానికి తమని ఒకసారి ఖద్దరు నేసే పొందూరు పంపాలి, టీఏ డీఏలతోనే. అక్కడి ఆడవాళ్లు పత్తిగింజ మీది పోగును వాలుగ చేప దవడతో దువ్వుతారు. సన్నటి పళ్ల వరుస. చెత్త రాలుతుంది, పోగు తెగదు, వంకర తీరుతుంది. ఆ దవడ గోదావరి వైపు నుంచి రావాలి. సంతలో చౌకగా దొరికే ఇనుప దువ్వెన వాడొచ్చుగా అమ్మా అని అడిగి చూడండి, తమని ఎగాదిగా చూస్తారు. ఏకులను కూడా ఎండిన అరటి దొప్పలోనే చుట్టి దాస్తారు. పత్తికి ఏది తగలాలో, ఏది తగలకూడదో వాళ్లే తేల్చుకున్నారు. టెండర్ కమిటీ లేదు కాబట్టే ఆ నూలు అంత సన్నగా వందో నంబరుకు చేరింది.

వచ్చే బడ్జెట్‌లో తప్పు దిద్దుకుంటారని భయంగా ఉంది. ఖరీదైంది కాబట్టి గొప్పదని టంగ్‌స్టన్ కార్బైడ్ తెస్తారు. బరువు బాగానే ఉంటుంది, కానీ దాన్ని అతికించి ఉంచేది చాలాసార్లు కోబాల్టే. అరిగితే అదీ పొడిలోకే. అగేట్ శుభ్రం, కానీ తేలిక. దెబ్బలో పస ఉండదు. జిర్కోనియా కూడా అరుగుతుంది, వేడి పట్టుకుని కూర్చుంటుంది, మధ్యమధ్య మిల్లు ఆపాలి. అయినా దాని అరుగుదల ఇనుములా కరిగి ముల్లు కట్టదు. ఇనుము అడ్డురాని పనికి స్టీలే వాడుకోండి, ఎవరొద్దన్నారు?

ఇప్పటికి ఒక్క ఉపకారం చేయండి. నూరే ముందు బంతులు తూచండి, నూరాక కడిగి ఆరబెట్టి మళ్లీ తూచండి. తగ్గిన బరువు ఏ పద్దు కింద ఖర్చయిందో మినిట్స్‌లో రాసి సంతకాలు పెట్టండి.