తప్పు ఎవరి ఖాతాలో రాస్తారు?

గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఏ ఆఫీసుకెళ్లినా గోడ మీద ఇప్పుడు ఒకటే మాట: గ్రోత్ మైండ్‌సెట్. తెలివి పుట్టినప్పుడు ఎంతుందో అంతే ఉండిపోదు, పెంచుకుంటే పెరుగుతుంది, కాబట్టి తప్పులకు భయపడకండి అని దాని సారాంశం. హోటల్ హాల్లో ఒక పూట పాఠం, ఆ తర్వాత బఫే భోజనం, సాయంత్రానికి చేతిలో సర్టిఫికెట్టు. మాట మంచిదే, కాదనను. నా కోపమల్లా ఆ బరువు మొత్తం ఎవరి నెత్తిన పెడుతున్నారన్న దాని మీదే. నేర్చుకోవాల్సింది కుర్రవాడు, ధైర్యం తెచ్చుకోవాల్సిందీ కుర్రవాడే, మారాల్సిందీ వాడి బుర్రే. మరి పైన కూర్చున్నాయన ఏం చెయ్యాలి? ఆ గోడ మీద దాని ఊసే లేదు.

మా రోజుల్లో దీనికి పేరు లేదు, పని మాత్రం ఉండేది. 1970ల్లో బాలానగర్ ఫ్యాక్టరీల్లో అప్రెంటిస్‌లుగా చేరిన మాబోటివాళ్లకి మొదట చేతికిచ్చింది ఆకురాయి. ఇనుప ముక్కని వైస్‌లో బిగించి రోజుల తరబడి రాస్తూనే ఉండాలి. నున్నగా వస్తే సరిపోదు, చదునుగా రావాలి. ట్రై స్క్వేరు ఆనించి కిటికీ వైపు ఎత్తి చూసినప్పుడు మధ్యలోంచి సన్నగా వెలుతురు కనపడిందా, మళ్లీ మొదటికి. అది కుదిరాక, బొత్తిగా చదునుగా ఉండే సర్ఫేస్ ప్లేటు మీద పలచగా నీలం రంగు పూసి, ముక్కని దానిమీద బోర్లించి జరపాలి. ఎత్తుగా ఉన్నచోటే నీలం అంటుకుంటుంది. మా ఫోర్‌మన్ గారు వెనకగా వచ్చి నిలబడి, "నీలం ఎక్కడ అంటిందిరా?" అనేవారు. వేలు పెట్టి చూపిస్తే, "అక్కడే గీకు, పక్కన ముట్టుకోకు" అని వెళ్లిపోయేవారు. వీడిది మంచి చెయ్యి, వాడికి ఈ పని రాదు అన్న మాట ఆయన నోట నేను వినలేదు. ముక్క గురించే మాట్లాడేవారు.

ఆయన చేసినదాంట్లో ఎంత విషయం ఉందో చాలా ఏళ్ల తర్వాత అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కరోల్ డ్వెక్ గురించి చదివినప్పుడు నాకు బోధపడింది. ఈ గ్రోత్ మైండ్‌సెట్ అన్న మాట ఆవిడదే. 2006లో వచ్చిన పుస్తకంతో ప్రపంచమంతా పాకింది. అంతకు ముందు 1998లో ఆవిడా, క్లాడియా ముల్లర్ అనే ఆవిడా కలిసి ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు ప్రచురించారు. పిల్లలకి పజిళ్లు ఇచ్చారు. అయ్యాక కొందరిని "నువ్వు తెలివైనదానివి" అని మెచ్చుకున్నారు, కొందరిని "బాగా కష్టపడ్డావు" అన్నారు. తర్వాత కష్టమైన లెక్క కావాలా, సులువైనది కావాలా అంటే, తెలివైనవాళ్లనిపించుకున్న పిల్లల్లో ఎక్కువమంది సులువైనదే ఎంచుకున్నారు. కష్టమైనది ఇచ్చి ఓడించాక మార్కులెన్ని వచ్చాయో రాయమంటే ఆ జట్టులోనే ఎక్కువమంది పెంచి రాశారు. పేరు నిలబెట్టుకోవాలి కదా మరి!

గోడమీద రాతలు రాసేవాళ్లు డ్వెక్ మాటల్లో సగం వదిలేశారని ఆవిడే వాపోయింది. 2015లో ఆవిడ రాసిన ఒక వ్యాసంలో, ఊరికే కష్టపడమనడం చాలదు, కొత్త పద్ధతులు వెతుక్కోవాలి, ఇరుక్కుపోతే ఇంకొకరి సాయం తీసుకోవాలి అని గట్టిగా చెప్పింది. ఆ ఇంకొకరు ఎవరు? నేను అడుగుతున్నది అదే.

మాతోపాటు చేరిన ఒక కుర్రవాడు జిగ్ ప్లేటులో చిల్లు పక్కకి వేసేశాడు. జిగ్ ప్లేటంటే దాన్ని ఆసరా చేసుకునే మిగతా భాగాలన్నిటికీ చిల్లులు వేస్తారు, కాబట్టి అర మిల్లీమీటరు జరిగినా ప్లేటు చెత్తలోకే. ఖరీదైన ఉక్కు. కుర్రవాడు వణికిపోయాడు. ఫోర్‌మన్ గారు డ్రిల్లు ఊడదీయించి, కొన దగ్గర రెండు అంచులూ గేజితో కొలవమన్నారు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. సాన పట్టినప్పుడు సమానంగా రాలేదు, అందుకే డ్రిల్లు పక్కకి లాగింది. రిజెక్షన్ స్లిప్పులో కారణం రాసే గడి ఒకటి, బాధ్యుడి పేరు రాసే గడి ఒకటి ఉండేవి. కారణం దగ్గర, డ్రిల్లు సాన పట్టడం పూర్తిగా నేర్పకుండా అప్రెంటిస్‌ని మెషిన్ మీద పెట్టడం వల్ల అని రాసి, బాధ్యుడి దగ్గర తన పేరు రాసుకుని సంతకం చేశారు. మర్నాడు పొద్దున్నే అదే కుర్రవాడికి అదే పని, ఇంకో ప్లేటు. ఇంకెవరికీ ఇవ్వలేదు. కొన్నేళ్లకి మా షాపులో ఎవరికి డ్రిల్లు సాన పట్టాలన్నా అతని దగ్గరికే వెళ్లేవాళ్లం.

ఆ రోజులన్నీ బంగారమని నేననడం లేదు. ఆయన తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. ఎందుకండీ అని అడిగితే ఎదురు సమాధానం చెబుతున్నావా అనేవారు. మా షాపు ఫ్లోరు మీద ఒక్క ఆడపిల్ల లేదు. నేర్చుకునే విషయంలో ఇప్పటి పిల్లలు మా కంటే నయం. అడుగుతారు, వెతుక్కుంటారు, తెలియదు అని చెప్పడానికి సిగ్గుపడరు. అలాంటి పిల్లల వెనక మా ఫోర్‌మన్ లాంటివాడు ఒక్కడు నిలబడితే ఎంత పైకి వెళతారో తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే నిలబడటం లేదు.

మా మనవరాలి సంగతే తీసుకోండి. సాఫ్ట్‌వేరులో ఉంది. ఒక పనిని పాత దారిలో కాకుండా కొత్తగా చేసి చూస్తానంటే పైఆయన చెయ్యమన్నాడు. పని నిలబడింది కానీ అనుకున్నదానికంటే ఆలస్యమైంది. ఏడాది చివర రేటింగు వేసేటప్పుడు ఆ ఆలస్యమే రాశారు, చెయ్యమన్నాయన పేరు ఎక్కడా లేదు. పైగా కింద ఒక సలహా: గ్రోత్ మైండ్‌సెట్ పెంచుకోవాలట! "ఇక తెలిసిన పనే చేస్తాను తాతయ్యా, గొడవుండదు" అంది. అంత హుషారైన పిల్ల అలా అనేసరికి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. టీములో ఇంతమందికే మంచి రేటింగు, ఇంతమందికి తక్కువ వేసి తీరాలి అన్న లెక్క కూడా ఉందట. పక్కవాడికి నేర్పితే తన రేటింగుకే ఎసరు. ఇక ఎవడు ఎవడికి నేర్పుతాడు?

గ్రోత్ మైండ్‌సెట్ అన్న మాటని కంపెనీల్లో బాగా వాడుకలోకి తెచ్చినవాళ్లలో ఒకడు మన హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల. 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టుకుని, అన్నీ తెలిసినవాళ్లుగా ఉండటం మాని అన్నీ నేర్చుకునేవాళ్లుగా మారండి అని ఉద్యోగులకి చెప్పాడు. అందరూ ఈ మాట చెబుతారు. ఉద్యోగులని వరసలో నిలబెట్టి కొందరిని కచ్చితంగా కింద వెయ్యాలన్న రేటింగు పద్ధతిని ఆ కంపెనీ 2013 నవంబరులోనే, ఆయన రాకముందే, తీసిపారేసిందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ముందు లెక్క మారింది, ఆ తర్వాత మాట వచ్చింది. మనవాళ్లు మాట ఒక్కటీ దిగుమతి చేసుకున్నారు, లెక్క అలాగే ఉంచుకున్నారు.

ఆయనే తన పుస్తకంలో ఇంకో సంగతి రాశాడు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో క్రికెట్ ఆడే రోజుల్లో ఒక మ్యాచ్‌లో ఆయన ఆఫ్ స్పిన్‌ని అవతలివాళ్లు ఉతికేస్తున్నారట. కెప్టెన్ బంతి తీసుకుని తనే వేసి వికెట్ పడగొట్టాడు. అక్కడితో ఆగితే అందులో విశేషమేముంది? ఆ వెంటనే బంతి మళ్లీ సత్య చేతికే ఇచ్చాడు. కుర్రవాడు కోలుకుని వికెట్లు తీశాడు. స్కూలు కెప్టెన్‌కి ఎన్నేళ్లుంటాయి? ఆ వయసులో వాడికి తోచింది లక్షల జీతం తీసుకునే మేనేజర్లకి తోచడం లేదు.

ఇస్రో రాకెట్ ఎస్ఎల్‌వీ-3 కథ కూడా ఇలాగే సగం చెప్పి వదిలేస్తారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన రాకెట్ బంగాళాఖాతంలో కూలింది, పట్టుదలతో 1980 జూలై 18న మళ్లీ ఎగరేసి గెలిచారు అంటారు. నిజమే. కానీ మొదటిసారి ఏం జరిగిందో అబ్దుల్ కలాం స్వయంగా చెప్పుకున్నారు. లీకు ఉందని కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపితే, నిపుణులతో మాట్లాడి దాన్ని పక్కనపెట్టి ముందుకు వెళదామన్నది ప్రాజెక్ట్ డైరెక్టరుగా తనే. అంటే ఆ తప్పు ఫలానావారిదని వేలెత్తి చూపించడం అతి సులువు. అయినా ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ విలేకరుల ముందు తను కూర్చుని బాధ్యత తన మీద వేసుకున్నారు. నా జట్టు మీద నమ్మకముంది, ఏడాదిలో సాధిస్తాం అన్నారు. లోపలేమో లోపం ఎక్కడుందో జల్లెడ పట్టారు, రెండో దశను అదుపులో ఉంచే వ్యవస్థలో ఒక వాల్వు దాకా వెళ్లి పట్టుకున్నారు. మరుసటి ఏడాది గెలిచినప్పుడు విలేకరుల ముందుకి వెళ్లమని కలాంని పంపారు. శిక్షణ తరగతుల్లో ఈ కథ చెప్పి కుర్రవాళ్లని కలాంలా ఉండమంటారు. ఎదురుగా మేనేజర్లు కూడా కూర్చునే ఉంటారు కదా, వాళ్లని ధావన్‌లా ఉండమని ఎందుకు చెప్పరు?

నేనడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. కుర్రవాళ్ల ఫారాల్లో ఈ ఏడాది ఏం నేర్చుకున్నావు అన్న గడి ఎలాగూ ఉంది. మేనేజర్ల ఫారంలో రెండు గడులు పెట్టండి: ఎవరికి ఏ పని నేర్పావు, నీ కిందివాళ్ల ఏ తప్పుకి నీ పేరు రాసుకున్నావు. రెండోది ఖాళీగా ఉన్నాయనకి ప్రమోషన్ ఇచ్చేముందు ఆయన కింద పనిచేసినవాళ్లని పిలిచి అడగండి. ఇదంతా ఇప్పటి కంపెనీల్లో కుదరదని ఒక హెచ్ఆర్ అబ్బాయి నాతో వాదించాడు. రిజెక్షన్ స్లిప్పుకి పట్టింది ఒక కాగితం, రెండు కార్బన్ కాపీలు. యాభై ఏళ్ల కిందట బాలానగర్‌లో కుదిరింది.