ఒపెరా దర్శన విధి

ఒపెరా దర్శనం గచ్చిబౌలి నుంచి యూరప్ వెళ్లేవారికి కొత్తగా విధించిన కర్మ. ఈఫిల్ టవర్, స్విట్జర్లాండ్ మంచు, వెనిస్ పడవ అనే పాత త్రిస్థలి యాత్రకు ఇది నాలుగో స్థలంగా చేరింది. ఈ వేసవిలో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ క్యాంటీన్లలోనూ, కొండాపూర్, నల్లగండ్ల అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఆ ఎర్ర ముఖమల్ కుర్చీల ఫోటోలు చూడని కళ్లు లేవు కనుక పరిచయం అనవసరం. ఈ కర్మకు అంగాలు ఆరు: క్షేత్రం, టికెట్టు, వేషం, వీక్షణం, నిష్క్రమణ, ప్రచారం.

క్షేత్రాల్లో మొదటిది వియన్నా స్టేట్ ఒపెరా. 1869 మే 25న మొజార్ట్ ‘డాన్ జొవాన్నీ’తో మొదలైంది. 1945 మార్చిలో బాంబులు పడి కాలిపోయింది. పదేళ్లపాటు ఆ ఊరి గాయకులు వేరే హాళ్లలో పాడుతూ గడిపారు. 1955 నవంబరు 5న బేతోవెన్ ‘ఫిడేలియో’తో మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. ఒక ఊరు తన పాటల ఇంటి కోసం పదేళ్లు పడిన పాట్లన్నీ మన సందర్శకుడి ఫోటో కింద ‘ఫీలింగ్ రాయల్’ అనే రెండు ముక్కల్లోకి ఒదిగిపోతాయి.

పారిస్‌లో 1875లో తెరిచిన పాలే గార్నియే ఇంతకన్నా సౌకర్యం. అక్కడ భవనం మాత్రమే చూడటానికి వేరే టికెట్టు ఉంది. ఆ టికెట్టు మీద ఎవరూ పాడరు కనుక మనవారికి ప్రీతి ఎక్కువ. యాత్ర యూరప్ దాటి సిడ్నీ దాకా సాగితే, అక్కడి ఒపెరా హౌస్‌ను బయటి నుంచే సేవించాలి. దాన్ని ఊహించిన శిల్పి యోర్న్ ఉట్జన్ 1966లో అక్కడి ప్రభుత్వంతో పొసగక వెళ్లిపోయాడు. 1973లో ప్రారంభమైన ఆ భవనాన్ని, పూర్తయ్యాక, బతికున్నంత కాలం కళ్లారా చూడనేలేదు. ఆయన పాపం బయటి నుంచి కూడా చూడలేదు. మనవారు బయట నూట యాభై ఫోటోలు తీసుకుని, లోపల ఏ కథ ఆడుతున్నారో గోడ మీది పోస్టరు కూడా చదవకుండా వెనుదిరుగుతారు.

టికెట్టు విషయంలో వియన్నా గుట్టు ఒకటుంది. ఆ హాల్లో కొన్ని వందల మంది నిలబడి చూసే చోటు ఉంది. ధర ఇరవై యూరోల లోపే. సంగీత విద్యార్థులు, పింఛన్ల మీద బతికే ముసలివారు అక్కడ మూడు నాలుగు గంటలు కాళ్లు మార్చుకుంటూ వింటారు. ఏళ్ల తరబడి వారు, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువాలు వేసి సీటు ఆపినట్టు, రెయిలింగుకు మఫ్లరు కట్టి తమ చోటు ఆపుకునేవారు. గచ్చిబౌలి సందర్శకుడికి ఆ చోటు తెలియదు. అతనికి దొరికేది ఒపెరా హౌస్ బయట తెల్లటి విగ్గు, ఎర్ర కోటు వేసుకుని మొజార్ట్‌లా నిలబడిన అమ్మకందారు. అతడు అమ్మేది వేరే హాల్లో, పర్యాటకుల కోసమే ఏర్పాటు చేసిన కచేరీ. అది విని వచ్చినవారు కూడా ‘ఒపెరా చూశాం’ అనే చెబుతారు.

వేషానికి ఒక్క వాక్యం చాలు: మిలాన్‌లోని లా స్కాలా ఒపెరా వారు నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు వద్దన్నారు కానీ, పెళ్లినాటి సూటు తెచ్చుకోమని ఎవరినీ అడగలేదు.

వీక్షణంలో మొదటి ఘట్టం చదవడం. పాట సాగుతుండగా దాని అర్థాన్ని తెర మీద చూపే పద్ధతి 1983లో టొరంటోలో ‘ఎలెక్ట్రా’తో మొదలైంది. వియన్నాలో ఎవరి సీటు ముందు వారికే చిన్న తెర ఉంటుంది. మన సందర్శకుడు మూడు గంటలూ ఆ తెరనే చూస్తాడు. తెర చూడటం ఉద్యోగరీత్యా అలవాటే. స్వరకర్త ఫిలిప్ గ్లాస్ ఒపెరా ‘సత్యాగ్రహ’ను 2008లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా ఆడినప్పుడు గాయకులు పాడింది సంస్కృతంలో, అదీ భగవద్గీత నుంచి. అటువంటి దానికి వెళ్లినా తెర మీద ఇంగ్లిషు వస్తే తప్ప మనవారికి ప్రాణం కుదుటపడదు.

రెండో ఘట్టం రాగం. ఈ కర్మకంతటికీ ఆయువుపట్టు ఇదే. టెనర్ గాయకుడు పై స్థాయిలో ఒక స్వరం పట్టుకుని నిలబెడతాడు. కథ ఆగిపోతుంది. అతని చేతిలో చచ్చిపోతున్న ప్రియురాలు ఉంటుంది. ఆమె కూడా ఆగుతుంది. సందర్శకుడు కళ్లు మూసుకుంటాడు. అతనికి గగుర్పాటు కలుగుతుంది. ఆ గగుర్పాటు మాట ఆ రాత్రే వాట్సాప్‌లో పడుతుంది.

ఇదే మనిషి ఇంట్లో టీవీలో రాయబారం సీను వస్తే రిమోట్ వెతుక్కుంటాడు. శ్రీకృష్ణుడు ఎత్తుగీతి ముగించి చివరి మాట మీద రాగం అందుకోగానే ‘చంపేస్తున్నాడ్రా బాబూ’ అంటాడు. పద్యం పాడేవాడు తెలుగు సినిమాలో హాస్యగాడిగా స్థిరపడి చాలా కాలమైంది. నోరు తెరవడం, చెయ్యి చెవి దగ్గర పెట్టుకోవడం, పక్కవాడు పారిపోవడం: ఇంతే ఆ హాస్యం. ఆ హాస్యానికి పగలబడి నవ్విన తరమే ఇవాళ వియన్నాలో కళ్లు మూసుకుంటోంది.

మిలాన్ లా స్కాలాలో పాటను మళ్లీ పాడటం మీద చాలా కాలం నిషేధం నడిచింది. 2007లో టెనర్ గాయకుడు హువాన్ డియెగో ఫ్లోరెస్ తొమ్మిది తారాస్వరాలున్న పాటను జనం కోరగా రెండోసారి పాడితే, 1933 తర్వాత ఇదే మొదటిసారని ప్రపంచం చెప్పుకుంది. తెనాలిలో, గుడివాడలో రైతులు ‘వన్స్ మోర్’ అంటే పద్యనాటక నటులు పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఈలపాట రఘురామయ్య పద్యాన్ని మళ్లీ మళ్లీ ఎత్తుకున్నారు. మిలాన్‌లో జరిగితే చరిత్ర, తెనాలిలో జరిగితే మోటు. ఈ తీర్పు ఇచ్చినవారికి రెండు సంగీతాల్లో ఒక్కటీ తెలియదు.

ఇది చిన్న తప్పుగా వదిలేయదగింది కాదు. కథను పాటతో నడిపే నాటకమే ఒపెరా. స్వరకర్త మాంటెవెర్దీ తన ఒపెరా ‘ఒర్ఫెయో’ను 1607లో మాంటువాలో ఆడించాడు. అదే శతాబ్దంలో తంజావూరు నాయకరాజుల కొలువులో తెలుగు యక్షగానాలు ఆడాయి. విజయరాఘవ నాయకుడు స్వయంగా రాశాడు కూడా. వనారస గోవిందరావు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడించి మొదలుపెట్టిన సురభి నాటక సమాజం తరాలు మారినా ఇంకా ఆడుతోంది. తాత, మనవరాలు ఒకే నాటకంలో వేషం కడతారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించిన కమలాబాయి ఆ కుటుంబాల పిల్లే. సురభి వారి ‘మాయాబజార్’ నాటకంలో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళ్లేది కంప్యూటరు మాయతో కాదు, తెర వెనక దారాలు లాగే చేతులతో.

ఆ కుటుంబాలు ఉండేది లింగంపల్లి సురభి కాలనీలో. గచ్చిబౌలి నుంచి పది కిలోమీటర్ల లోపే. 2013లో వారు ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగర నాటకోత్సవానికి వెళ్లి తెలుగులో ఆడితే అక్కడివారు కూర్చుని చూశారు. అదే ఏడు సురభి బాబ్జీగా పేరుపడ్డ రేకందార్ నాగేశ్వరరావుకు పద్మశ్రీ వచ్చింది. రోజూ క్యాబుల్లో లింగంపల్లి దాటే వేలమంది ఉద్యోగుల్లో ఎందరికి ఆ కాలనీ తెలుసు? వియన్నా టికెట్టు కోసం షెంగెన్ వీసాకు నెలల ముందు నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడబెట్టే ఓపిక, ఆదివారం సాయంత్రం ఒక ఆటో ఎక్కడానికి ఎందుకు చాలదు? పాశ్చాత్యుడి పాటకు తల వంచడం తప్పేమీ కాదు. ఆ పాట గొప్పదే. తన పాటకు తల తిప్పుకోవడం బానిస బుద్ధి. దానికి సంస్కారమని పేరు పెట్టుకోవడం సిగ్గుచేటు.

నిష్క్రమణ సాధారణంగా మొదటి విరామంలో జరుగుతుంది. మిగిలిన కథ వికీపీడియాలో ఉంటుంది.

ప్రచారం తిరిగొచ్చాక జీవితాంతం సాగే అంగం. ఆఫీసు భోజనాల దగ్గర ‘అక్కడ కళకు ఎంత విలువ’ అన్న ప్రసంగంతో మొదలై, అపార్ట్‌మెంటు సాంస్కృతిక కమిటీ సభ్యత్వంతో పరిపక్వమవుతుంది. ఒపెరా చూసొచ్చినవారికి అందులో ప్రాధాన్యం ఉంటుంది. దసరా కార్యక్రమాల జాబితా వేసేది వీరే. డీజేకు రెండు గంటలు, తంబోలాకు గంట, ర్యాంప్ వాక్‌కు ముప్పావు గంట కేటాయిస్తారు. ఎవరో పెద్దాయన పద్యం పాడతానని మరీ మరీ అడిగితే మూడు నిమిషాలు ఇస్తారు. రాగం మాత్రం వద్దని ముందే చెబుతారు.